దూరాన ఉన్న ఎక్స్‌రే యంత్రాన్ని ఫోనులో చూసి కొనవచ్చునా?



ఈనాటి నా ప్రసంగం ఒక యంత్రాన్ని గురించి. ఒక మనిషి పెట్టెలో పెట్టుకుని బస్సెక్కగలిగినంత చిన్నదైన ఎక్స్‌రే యంత్రం అది. దాన్ని మేము కంటితో చూడలేదు, చేత్తో తాకలేదు. ఎక్కడో దూరాన ఉన్న నగరంలో అమ్మకందారు తన సెల్‌ఫోను పట్టుకుని తిప్పి చూపిస్తూ ఉంటే, మా ఊరి సత్రంలో పదిమందిమి ఒక ఫోను చుట్టూ మూగి చూశాం. అలా చూసి ఏమి తెలుసుకోవచ్చు, ఏమి తెలుసుకోలేము అన్నది మీకు చెప్పాలని వచ్చాను. మీ ఊళ్ళలో కూడా దేవస్థానం వారో, యువక సంఘం వారో ఇలాంటి మంచి పనికి పూనుకుని ఉండవచ్చు.

మాది బళ్ళారి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, మేము ఇటు మిగిలాం. గీత మా పొలాల అవతల పడింది. మా ఊళ్ళో సెల్‌ఫోను కూడా గడియకొక రాష్ట్రం మారుతూ ఉంటుంది. వంటింట్లో ఉంటే కర్ణాటక, మిద్దెమీదికి పోతే ఆంధ్ర. వీడియోలో మాట్లాడవలసివస్తే సత్రం అరుగుమీద తూర్పు మూల ఒక్కటే మాకు దిక్కు.

అసలు ఈ యంత్రం అవసరం మాకెందుకు వచ్చిందో చెబుతాను. మా వీధిలో ఒక అవ్వ ఉంది. ఆమెకు మూడు నెలలుగా దగ్గు. బళ్ళారికి పోయి ఎక్స్‌రే తీయించుకోమని అందరూ చెప్పేవాళ్ళే. ఆమె మాత్రం, "ఈ మిరపకాయల కోత కానీ నాయనా, పోదాంలే" అనేది. ఆమె తప్పు కాదు. బళ్ళారికి పోయిరావడమంటే ఒక రోజు కూలి పోతుంది. తోడు వచ్చేవాళ్ళ కూలీ పోతుంది. రిపోర్టు రేపు రమ్మంటే ఇంకొక రోజు. తీరా పోయి తీయించుకునేసరికి క్షయ బాగా ముదిరి ఉంది. అంతకంటే బాధ ఏమిటంటే, అవ్వ పక్కలో పడుకునే మనవరాలికి కూడా అంటుకుంది. ఆ పిల్ల నా దగ్గర ఏడో తరగతి చదువుతూ ఉండింది. ఆరు నెలలు మందులు మింగి ఇద్దరూ బాగుపడ్డారు గాని, పిల్ల ఒక సంవత్సరం వెనుకబడింది. హాజరుపట్టీలో ఆ పేరు ఎదుట గైర్హాజరు గుర్తు పెడుతున్నప్పుడల్లా, ఆ మూడు నెలల దగ్గును నేనూ విన్నాను గదా అనిపించేది.

అప్పుడు ఊరి పెద్దలు కూర్చుని, జాతరలో మిగిలిన సొమ్ముకు చందాలు కలిపారు. నాలుగు లక్షల పైచిలుకు అయింది. ఆదివారం ఆదివారం మా సత్రంలో ఉచితంగా రోగులను చూసే రిటైరైన డాక్టరుగారు ఒకరున్నారు. ఆయన చేతికి ఒక చిన్న ఎక్స్‌రే యంత్రం ఇద్దామనుకున్నారు. కొత్తది మా సొమ్ముకు అందలేదు. వాడినది ఒకటుందని ఎవరో తెలిసినవారు చెప్పారు. అమ్మకందారు, "తెచ్చి చూపించమంటే రవాణా ఖర్చు మీదే. ముందు వీడియోలో చూడండి, నచ్చితే సగం సొమ్ము పంపండి" అన్నాడు. సైన్సు చెబుతానని, ఇంగ్లీషూ కన్నడమూ వచ్చునని, ఫోను పట్టుకునే పని నాకు అప్పగించారు.

నాకు ఎక్స్‌రే గురించి తెలిసినది పాఠ్యపుస్తకంలో ఉన్నంతే. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఆ కిరణాలను కనుగొన్నాడు, 1901లో భౌతికశాస్త్రానికి ఇచ్చిన తొలి నోబెల్ బహుమతి ఆయనదే. మొదటి ప్రపంచ యుద్ధంలో మేరీ క్యూరీ ఎక్స్‌రే పరికరాలను మోటారు బండ్లకెక్కించి గాయపడిన సైనికుల దగ్గరకే తీసుకుపోయింది. రోగిని యంత్రం దగ్గరకు కాక, యంత్రాన్ని రోగి దగ్గరకు చేర్చే ఆలోచన అంత పాతది. కొనడానికి ఈ పరిజ్ఞానం చాలదు గనుక, అనంతపురంలో ఎక్స్‌రే టెక్నీషియనుగా ఉన్న నా పాత విద్యార్థిని కూడా కలుపుకున్నాం. డాక్టరుగారు బళ్ళారి నుండి తన ఫోనులో చేరారు. అమ్మకందారుది హిందీ. వాళ్ళ మాట వీళ్ళకు, వీళ్ళ మాట వాళ్ళకు అందించేసరికి ఆ సాయంత్రం నా గొంతు పోయింది.

శ్రోతలారా, ఈ యంత్రంలో మూడు భాగాలుంటాయి. కిరణాలను పుట్టించే గొట్టం ఉన్న తల ఒకటి. రోగి వెనుక నిలబెట్టే పలక రెండోది. పూర్వం దీని స్థానంలో ఫిల్ము ఉండేది. ఇప్పుడు కిరణాలను పట్టి అంకెలుగా మార్చే ఎలక్ట్రానిక్ పలక వచ్చింది. ఛాతీకి వాడేది సాధారణంగా 35 సెంటీమీటర్ల వెడల్పు, 43 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మూడోది బొమ్మను చూపే కంప్యూటరు. ఈ మూడింటిలో అతి సున్నితమైనదీ, ఖరీదైనదీ పలక. చేయి జారి కిందపడితే పైకి గీత కూడా కనిపించదు, లోపల మాత్రం దెబ్బ తింటుంది.

అమ్మకందారు మొదట ఏం చేశాడంటే, తన కంప్యూటరు తెరమీద ఒక ఛాతీ ఎక్స్‌రే పెట్టి, ఫోను కెమెరా దానికి ఎదురుగా పట్టి, "చూడండి, అద్దంలా ఉంది" అన్నాడు. నిజంగానే అద్దంలా ఉంది. మా పెద్దలందరూ "బాగుంది, బాగుంది" అన్నారు. నా విద్యార్థి మాత్రం, "టీచర్, అది చూసి ఏమీ చెప్పలేము" అన్నాడు. ఎందుకో వివరించాడు. ఎక్స్‌రే బొమ్మలో తెలుపు నుండి నలుపు దాకా నాలుగు వేలకు పైగా ఛాయలుంటాయి. వీడియోలో వచ్చేవి 256. పైగా మనకున్న సన్నటి సిగ్నలులో ఇమిడించడానికి ఫోను ఆ బొమ్మను నలిపి, సన్నని గీతలను చెరిపి, వెలుతురును తన ఇష్టప్రకారం సరిదిద్ది పంపుతుంది. మంచి బొమ్మ చెడ్డగా కనిపించవచ్చు, చెడ్డది మంచిగానూ కనిపించవచ్చు. కాబట్టి బొమ్మ నాణ్యం తెలియాలంటే అసలు ఫైలు తెప్పించుకోవాలి. వైద్య చిత్రాలకు డైకామ్ అనే పద్ధతి ఉంది. 1993 నుండి ఆ పేరుతో వాడుకలో ఉంది. ఆ రూపంలో ఉన్న ఫైలును పంపమనాలి. తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే లాభం లేదు.

ఇంకొక సంగతి. ఆ తెరమీది బొమ్మ మూలలో ఎవరో రోగి పేరు, వయస్సు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ తల్లి ఎవరో, తన ఊపిరితిత్తులను ఒక సత్రంలో పదిమంది చూస్తున్నారని ఆమెకు తెలియదు గదా! తీసివేయమన్నాను. అతను నవ్వి తీసివేశాడు.

మరి వీడియోలో చూడగలిగినవి ఏమిటి? అవీ ఉన్నాయి. యంత్రం తల మీద, పలక వెనుక అంటించిన రేకుమీద తయారీ సంవత్సరం, వరుస సంఖ్య ఉంటాయి. ఫోను దగ్గరగా పెట్టించి వాటిని చదివి రాసుకున్నాం. తరువాత పంపిన బిల్లులో ఉన్న సంఖ్యలతో అవి సరిపోవాలి. గోడకున్న ప్లగ్గు పీకించి, కేవలం బ్యాటరీమీద నడిపించమన్నాం. మా ఊరి కరెంటు సంగతి మీకు వేరే చెప్పాలా? ప్లగ్గు పీకినట్టు తీగ చివర దాకా చూపించమని అడగడానికి నాకు మొదట మొహమాటమేసింది. సంతలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు చూడమా అని మా పెద్దాయన ఒకరు అనేసరికి ధైర్యం వచ్చింది.

ఇక యంత్రం పనిచేస్తున్నట్టు చూపమన్నప్పుడు జరిగినది నేను మరచిపోలేను. అమ్మకందారు పక్కనున్న కుర్రవాణ్ణి పిలిచి, "చెయ్యి పెట్టరా" అని పలకమీద అతని చెయ్యి పెట్టించాడు. పద్దెనిమిది ఇరవై ఏళ్ళ వాడు. పెట్టిన తీరు చూస్తే రోజూ పెడుతున్నట్టే ఉంది. డాక్టరుగారు బళ్ళారి నుండి ఒక్క కేక పెట్టారు, "చెయ్యి తియ్యమనండి!" నేను హిందీలో చెప్పేలోపే ఆ కేకకు అతను తీసేశాడు. ఒక్క ఎక్స్‌రేతో ఏమీ కాదన్నది నిజమే. పెద్దవాళ్ళ ఛాతీ ఎక్స్‌రేకు పడే మోతాదు సుమారు 0.02 మిల్లీ సీవర్ట్. భూమినుండీ ఆకాశంనుండీ సహజంగా మనమీద ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీ సీవర్ట్ పడుతూనే ఉంటుంది. రోగం కనిపెట్టడానికి తీసేది మేలే చేస్తుంది. ఐతే వచ్చిన ప్రతి బేరగానికీ చూపడానికి ఒకే కుర్రవాడి చెయ్యి రోజూ పెట్టడం వేరు. అమెరికాలో ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అనే సహాయకుడు అలాగే తన చేతులు పెట్టి పెట్టి, పుండ్లుపడి, చేతులు తీసివేయించుకుని, 1904లో క్యాన్సరుతో చనిపోయాడు. నూట ఇరవై ఏళ్ళ నాటి తప్పు మా కళ్ళముందు ఫోనులో జరగబోయింది.

చేతికి బదులు ఏం పెట్టాలి? రూపాయి బిళ్ళలు. ఇది నా విద్యార్థి చెప్పిన ఉపాయం. వాళ్ళ వృత్తిలో ఇది పాత పరీక్షే. యంత్రం తలలో ఒక దీపం ఉంటుంది. కిరణాలు ఎంత మేర పడతాయో ఆ దీపపు వెలుగు పలకమీద నలుచదరంగా చూపిస్తుంది. ఆ వెలుగు అంచుల వెంబడి, అంచుకు లోపల ఒకటి, వెలుపల ఒకటి చొప్పున బిళ్ళలు పేర్చి ఎక్స్‌రే తీయాలి. వెలుగు పడిన చోటే కిరణాలు కూడా పడితే లోపలి బిళ్ళలు కనిపిస్తాయి, బయటివి కనిపించవు. మీటరు దూరంలో రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉండరాదు. ఉంటే, కావలసిన చోట బొమ్మ పడదు, అక్కరలేని ఒంటిమీద కిరణాలు పడతాయి.

బిళ్ళలతోపాటు నేను ఇంకొకటి కలిపాను. ఇది మాత్రం పరీక్షహాలులో కాపలా కాసే టీచరు బుద్ధి. మధ్యలో ఒక తాళంచెవిని ఎడమవైపు తిప్పి, పక్కనే పిన్నీసు తెరిచి పెట్టమన్నాను. పాత బొమ్మ ఏదో పంపి ఇదే ఇప్పుడు తీసినదంటే? మేము అప్పటికప్పుడు చెప్పిన అమరిక పాత బొమ్మలో ఉండదు గదా. తీసే మనిషి సీసపు గౌను తొడుక్కుని, మీట తీగను పొడవంతా సాగదీసి దూరంగా నిలబడిన తరువాతనే నొక్కమన్నాం. దూరం రెండింతలైతే పడే మోతాదు నాలుగో వంతే. ఇదీ పదో తరగతి లెక్కే. ఆ తరువాత పలకను దూరంగా నిలబెట్టి, ఎదుట ఏ వస్తువూ లేకుండా, పలక మొత్తంమీద కిరణాలు పడేటట్టు ఉత్త బొమ్మ ఇంకొకటి తీయించాం. రెండు ఫైళ్ళూ పంపమన్నాం. ఉత్త బొమ్మ ఎందుకని అతను రెండుసార్లు అడిగాడు. అప్పుడే నాకు కొంచెం అనుమానం వేసింది.

ఫైళ్ళు రాత్రి పది గంటలకు వచ్చాయి. బిళ్ళలు, తాళంచెవి, పిన్నీసు అన్నీ చెప్పినట్టే ఉన్నాయి, తేడా కూడా హద్దులోనే ఉంది. కాని ఆ బొమ్మ పలక నడుమ మాత్రమే పడింది. ఉత్త బొమ్మను తెరిచి చూస్తే, పలక పొట్టి అంచు నుండి బెత్తెడు లోపలికి, ఈ చివరనుండి ఆ చివరకు దువ్వెనతో గీసినట్టు తెల్లటి గీతలున్నాయి. అక్కడ పలక చచ్చిపోయింది. సాయంత్రం అద్దంలా కనిపించిన ఛాతీ బొమ్మ పలక దెబ్బ తినకముందు తీసినదై ఉండాలి.

అమ్మకందారుకు ఫోను చేస్తే దబాయించలేదు. "నాలుగు వేళ్ళ మందమే గదా మేడం, ధర యాభై వేలు తగ్గిస్తాను" అన్నాడు. మరునాడు సత్రంలో మా పెద్దాయన కూడా అదే మాట అన్నాడు. "అంత పెద్ద పలకలో బెత్తెడు గీతలకు ఇంత రాద్ధాంతమా టీచరమ్మా? యాభై వేలంటే మాటలా?" ఆయన చెడ్డవాడు కాదు. చందాకోసం గడప గడపా తిరిగినవాడు ఆయనే. ఇంకొక ఏడాది ఆగితే ఈ సొమ్ము గుడి ప్రహరీగోడకు పోతుందని ఆయన భయం.

ఆదివారం డాక్టరుగారు వచ్చి, మాటలేమీ చెప్పకుండా, అవ్వను అడిగి ఆమె పాత ఎక్స్‌రే తెప్పించారు. కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. క్షయ ఎక్కువగా పట్టేది ఊపిరితిత్తుల పైకొనలను. అవ్వ మచ్చ కూడా కుడివైపు పైన, ఎముక చాటున ఉంది. డాక్టరుగారు తన చేయి అడ్డంగా ఆ ఫిల్ము పైభాగాన పెట్టారు. బెత్తెడు. మచ్చ మాయమైంది. "పలకను తలకిందులుగా పెట్టుకుంటే సరి గదా" అని కుర్రవాళ్ళు ఎవరో అన్నారు. అమ్మకందారూ ఆ ఉపాయమే చెప్పాడు. డాక్టరుగారు చేయి కిందికి జరిపి, "ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే మొదట కనిపించేది ఈ కింది మూలనే" అన్నారు. అవ్వ ఆ ఫిల్మును చేతిలోకి తీసుకుని, "అయితే దాంట్లో నన్ను తీసుంటే నాకేమీ లేదని పంపించుండేవాళ్ళా?" అని అడిగింది. పెద్దాయన ఆ తరువాత యాభై వేల మాట ఎత్తలేదు.

కొనకపోయినా, ఈ వ్యవహారంలో కాగితాల గురించి నేర్చుకున్నది మీకు చెప్పాలి. మన దేశంలో ఎక్స్‌రే యంత్రాన్ని ఎవరు పడితే వారు కొని నడపడానికి వీల్లేదు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ముంబయిలో ఉంది. ఆ నమూనా యంత్రానికి మండలి ఆమోదం ఉండాలి, నడిపే సంస్థకు లైసెన్సు ఉండాలి, శిక్షణ పొందిన టెక్నీషియను ఉండాలి, రెండేళ్ళకొకసారి నాణ్యతా పరీక్ష జరగాలి. దరఖాస్తులన్నీ ఈ-లోరా అనే కంప్యూటరు విధానంలోనే. వాడిన యంత్రమైతే అది అమ్మేవారి పేరున నమోదై ఉందా అన్నది మొదటి ప్రశ్న. మేము దాన్ని చివర అడిగాం. మొదటే అడిగి ఉంటే ఆ సాయంత్రమంతా మిగిలేది, ఎందుకంటే అతని దగ్గర నమోదు కాగితం లేదు. గొట్టం చుట్టూ కిరణాలు కారుతున్నాయా, చెప్పిన కిలోవోల్టులే వస్తున్నాయా అన్నవి కొలతపరికరాలతో గుర్తింపు ఉన్నవారు చూడవలసినవి. ఏ వీడియోలోనూ అవి కనిపించవు. కనుక ఆ పరీక్ష మన ఊళ్ళో జరిగి కాగితం చేతికి వచ్చాకనే సొమ్ములో పెద్ద భాగం ఇస్తామని ముందే రాయించుకోవాలి.

మా యువకుల్లో ఒకడు, ఫోనుకు తగిలించుకునే చిన్న అల్ట్రాసౌండు పరికరం దొరుకుతుందట, అది కొందాం, దానికి కిరణాల బెడద లేదు గదా అన్నాడు. కిరణాలు లేవుగాని చట్టం ఉంది. గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన 1994 నాటి చట్టం కింద నమోదు కాని వారికి అల్ట్రాసౌండు యంత్రం అమ్మడమే నేరం. తేలికగా మోసుకుపోయే యంత్రాలమీద 2012లో నియమాలు ఇంకా బిగించారు. సరిహద్దు ఊళ్ళవారు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇటు నమోదైన యంత్రాన్ని సంచిలో వేసుకుని, బంధువుల ఊరే గదా అని అటు తీసుకుపోయి వాడితే కేసవుతుంది.

అమ్మకందారు చెప్పిన మరొక ఆకర్షణ, "డాక్టరు అక్కరలేదు, బొమ్మ చూసి క్షయ ఉందో లేదో కంప్యూటరే చెబుతుంది" అని. అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అలాంటి సాఫ్ట్‌వేరును క్షయ అనుమానితులను ఏరడానికి వాడవచ్చునని చెప్పింది. ఐతే 15 ఏళ్ళు నిండినవారికే. అవ్వ మనవరాలికి పన్నెండేళ్ళు. పైగా అది ఏరడమే గాని తేల్చడం కాదు. తేల్చడానికి కఫం పరీక్ష కావాలి. దాన్ని ప్రభుత్వం ఉచితంగా చేస్తుంది, మందులూ ఉచితమే. చికిత్సలో ఉన్నవారికి పోషకాహారానికని నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1000 చేశారు. ఎక్స్‌రే దాకా పోలేనివారు, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, కనీసం ఆ కఫం డబ్బా అయినా ఆశా కార్యకర్తకు ఇవ్వండి.

2024 డిసెంబరు 7న మొదలైన నూరు రోజుల క్షయ కార్యక్రమంలో చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలను ప్రభుత్వమే పల్లెలకు పంపింది. మరి మీకెందుకమ్మా సొంత యంత్రం అని ఒక అధికారి నన్ను అడిగారు. శిబిరం వచ్చిన రోజు మిరపకాయల కోత ఉంటే ఏం చేసేది సార్ అన్నాను. ఆయన ఏమీ అనలేదు గాని, లైసెన్సు దరఖాస్తుకు కావలసిన గది కొలతలు, ఇతర వివరాలు రాసి ఇచ్చారు. సత్రంలో పడమటి గది గోడ మందం కొలిచాం. సొమ్ము బ్యాంకులో భద్రంగా ఉంది.

వచ్చే ఆదివారం ఇంకొక యంత్రాన్ని చూడబోతున్నాం. ఈసారి నమోదు కాగితం ముందే తెప్పించుకున్నాం. అమరిక మాత్రం నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. అవ్వ మనవరాలు తన జియామెట్రీ పెట్టెలోని ఇనుప వృత్తలేఖిని పెట్టమని అడిగితే బాగుంటుందంటోంది.